దూరం 14,500 కి.మీ.. నిరీక్షణ 34 గంటలు!

* డాలస్‌ నుంచి కృష్ణా పల్లెకు చేరే కాలంలో దాదాపు సగం నేలమీదే
* దేశాల మధ్య వైరంతో దారి మళ్లుతున్న విమానాలు
* గన్నవరానికి సరైన అనుసంధానం కుదిరితే నాలుగున్నర గంటలు ఆదా

గన్నవరం: పల్లెలో ఓ పెద్దాయన కన్నుమూస్తే ఒకప్పుడు మొదట వినిపించే మాట 'అందరికీ కబురు వెళ్లిందా?' అని. ఇప్పుడు 'అబ్బాయి ఎప్పుడు దిగుతాడు?' అని అడుగుతున్నారు. గుడివాడ, పామర్రు, ఉయ్యూరు, చల్లపల్లి పరిసరాల్లో అమెరికాలో బిడ్డలున్న ఇళ్లు లేని ఊరు అరుదు. వాకిట్లో షామియానా వేసి, అద్దెకు తెచ్చిన ఫ్రీజర్‌ పెట్టెలో భౌతికకాయాన్ని ఉంచి, తలకొరివి పెట్టాల్సిన కుమారుడి కోసం బంధుమిత్రులు గంటలు లెక్కపెట్టడం జిల్లాలో సర్వసాధారణ దృశ్యంగా మారింది. డాలస్‌లో బయలుదేరిన వ్యక్తి పామర్రు దరిదాపుల్లోని ఇంటి గుమ్మం తొక్కడానికి నిజంగా ఎంత సమయం పడుతుంది? విమానాశ్రయాల మధ్య దూరాన్ని బట్టి చెప్పే జవాబుకు, అనుభవంలోకి వచ్చే జవాబుకు పొంతన లేదు.

దూరాన్ని నిర్ణయించింది భూగోళం. అది మారదు. కాలాన్ని మాత్రం గాలులు, దేశాల మధ్య స్పర్థలు, విమానయాన ఒప్పందాలు, చివరకు మన జాతీయ రహదారి కలిసి నిర్ణయిస్తున్నాయి. 'అమెరికాకు నేరుగా విమానం' అన్నది తెలుగువారి చిరకాల వాంఛ. అయితే గంటల వారీగా లెక్క తీస్తే, జిల్లా వాసులకు దాదాపు అంతే మేలు చేసే దారి మరొకటి ఉంది. అది గన్నవరం నుంచే మొదలవుతుంది.

ధ్రువం మీదుగా దగ్గరి దారి

గోడకు వేలాడే ప్రపంచ పటంలో అమెరికా మనకు పడమరన ఉంటుంది. అందుకే విమానం అరేబియా సముద్రం, ఐరోపా, అట్లాంటిక్‌ మీదుగా పడమరకే సాగాలని అనుకుంటాం. గుండ్రని భూమిపై లెక్క వేరు. గన్నవరం విమానాశ్రయం 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉంది. భూగోళానికి సరిగ్గా అవతలి వైపున దీనికి ఎదురుగా ఉండేది 99.2 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. డాలస్‌ విమానాశ్రయం 97 డిగ్రీల పశ్చిమాన ఉంది. అంటే మన ఊరి నుంచి డాలస్‌కు దగ్గరి దారి పడమరన లేదు. దాదాపు నేరుగా ఉత్తరానికి వెళ్లి, ధ్రువాన్ని దాటి, అవతలి వైపు దిగాలి.

ఈ దూరాన్ని పాఠశాల విద్యార్థి సైతం లెక్కగట్టవచ్చు. గన్నవరం అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు కనుక ధ్రువానికి 73.5 డిగ్రీల దూరం. డాలస్‌ అక్షాంశం సుమారు 32.9 కనుక ధ్రువం నుంచి 57.1 డిగ్రీలు. రెండూ కలిపితే 130.6. ఒక్కో డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే 14,500 కి.మీ. వస్తుంది. శంషాబాద్‌ నుంచి లెక్కించినా దాదాపు 14,400 కి.మీ. ఉంటుంది. గంటకు 900 కి.మీ. వేగంతో సాగే విమానానికి ఎక్కడం, దిగడం కలుపుకొని సుమారు 17 గంటల ప్రయాణం.

ఇంత దూరం ఆగకుండా ఎగరడం నేటి విమానాలకు అసాధ్యమేమీ కాదు. సింగపూర్‌ - న్యూయార్క్‌ మధ్య 15,300 కి.మీ. పైచిలుకు దూరాన్ని ఎయిర్‌బస్‌ ఏ350 రకం విమానం పద్దెనిమిదిన్నర గంటలకు కాస్త అటూ ఇటూగా ఒకే ఊపున అధిగమిస్తోంది. యంత్రానికి శక్తి ఉంది. అయినా మన దారి ఎందుకు తెరుచుకోవడం లేదన్నదే ప్రశ్న.

దూరం పెరిగినా కాలం తగ్గొచ్చు

కిలోమీటర్లు తక్కువైతే గంటలూ తక్కువే అనుకోవడం పొరపాటు. భూమికి 9 నుంచి 12 కి.మీ. ఎత్తున, విమానాలు సాగే అంతస్తులోనే, పడమర నుంచి తూర్పుకు ప్రబలమైన గాలి ప్రవాహాలు ఉంటాయి. వీటినే జెట్‌ స్ట్రీమ్‌ అంటారు. శీతాకాలంలో వీటి వేగం గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. ఏటి వాలున వెళ్లే పడవకు, ఎదురీదే పడవకు ఉన్న తేడా ఇక్కడా కనిపిస్తుంది. గల్ఫ్‌ నుంచి డాలస్‌కు వెళ్లేటప్పుడు పదహారు గంటల వరకు పట్టే ప్రయాణం, తిరుగుదారిలో పదిహేను గంటల లోపే ముగియడానికి కారణమిదే.

ఇందుకు మన దేశంలోనే గొప్ప నిదర్శనం ఉంది. ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును ఎయిరిండియా 2015 డిసెంబరులో ఆరంభించింది. తొలుత అట్లాంటిక్‌ మీదుగా సుమారు 13,900 కి.మీ. సాగేది. 2016 అక్టోబరులో దారి మార్చి పసిఫిక్‌ మీదుగా దాదాపు 15,300 కి.మీ. నడిపారు. దూరం 1,400 కి.మీ. పెరిగింది. వెనుకనుంచి తోసే గాలి పుణ్యమా అని ప్రయాణం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు చేరింది. రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని వేగంతో భాగించి సమయాన్ని తేల్చేయడం ఎంత తప్పో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గీతకు అడ్డుగా గోడలు

గన్నవరం నుంచి ఉత్తరానికి గీత గీస్తే అది ఉత్తరప్రదేశ్‌, పశ్చిమ నేపాల్‌, టిబెట్‌, చైనాలోని షింజియాంగ్‌, కజకిస్థాన్‌, రష్యాలోని సైబీరియాలను దాటి ధ్రువానికి చేరుతుంది. ఈ దారిలో మొదటి ఆటంకం ప్రకృతిదే. విమానంలో గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే ప్రయాణికుల ప్రాణరక్షణకు పైలట్లు 10,000 అడుగులకు, అంటే దాదాపు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. దిగడానికి అక్కడ చోటే లేదు. అందుకే విమానాలు హిమాలయాల నడిబొడ్డును తప్పించి, పడమటి వైపు పాకిస్థాన్‌, మధ్య ఆసియాల మీదుగా మళ్లుతాయి.

రెండో ఆటంకం మనుషులు కట్టిన గోడ. బాలాకోట్‌ దాడుల అనంతరం 2019 ఫిబ్రవరి 27 నుంచి జులై 16 వరకు పాకిస్థాన్‌ తన గగనతలాన్ని మూసివేసింది. ఆ కాలంలో జులై 2 నాటికే ఎయిరిండియాకు రూ.491 కోట్ల నష్టం వాటిల్లిందని అప్పటి పౌర విమానయాన మంత్రి హర్‌దీప్‌సింగ్‌ పురి రాజ్యసభకు తెలిపారు. పహల్గాం ఉగ్రదాడి తరువాత 2025 ఏప్రిల్‌ 24న భారత విమానాలకు ఆ దారి మళ్లీ మూతపడింది. నెలనెలా పొడిగింపులు తప్పలేదు. ఫలితంగా ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హాగన్‌లలో ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ - వాషింగ్టన్‌ సర్వీసును 2025 సెప్టెంబరు 1 నుంచి ఎయిరిండియా నిలిపివేసింది. విమానాల ఆధునికీకరణ వల్ల ఏర్పడే కొరతతో పాటు గగనతలం మూతను కూడా కారణంగా చూపింది.

ఉక్రెయిన్‌ యుద్ధంతో 2022లో అమెరికా, ఐరోపా సంస్థలకు రష్యా ఆకాశం దూరమైంది. భారత సంస్థలకు ఆ దారి తెరిచే ఉన్నా ముప్పు లేకపోలేదు. 2023 జూన్‌ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా విమానం ఇంజిన్‌లో లోపం తలెత్తడంతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా ఆ మారుమూల పట్టణంలోనే గడిపారు. ఇక గల్ఫ్‌ దారి సైతం నిశ్చింత కాదని 2025 జూన్‌ 23 చాటింది. ఖతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్‌ క్షిపణులు ప్రయోగించిన ఆ రాత్రి గల్ఫ్‌ దేశాలు కొన్ని గంటలపాటు గగనతలాన్ని మూసివేయగా, వేల మంది ఎక్కడివారక్కడ చిక్కుకున్నారు.

నేరు విమానం కల ఎందుకు చెదిరింది?

తెలుగు గడ్డ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎగరకపోలేదు. 2021 జనవరి 15న హైదరాబాద్‌ - చికాగో మధ్య ఎయిరిండియా వారానికొక సర్వీసును ప్రారంభించింది. దూరం 13,300 కి.మీ. దాకా ఉంటుంది. అంతకు నాలుగు రోజుల ముందే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు వచ్చిన తొలి విమానాన్ని నలుగురు మహిళా పైలట్లే నడిపారు. వారిలో కెప్టెన్‌ పాపగారి తన్మయి ఒకరు. ఆ ఉత్సాహం హైదరాబాద్‌ విషయంలో నిలవలేదు. చికాగో సర్వీసు ఎక్కువ కాలం సాగలేదు.

కారణాలు స్పష్టం. పదిహేడు గంటలు ఎగరాలంటే వంద టన్నులకు మించిన ఇంధనం కావాలి. ప్రయాణం తొలి సగంలో ఖర్చయ్యే ఇంధనంలో కొంత, మలి సగం ఇంధనాన్ని మోయడానికే పోతుంది. ఆ భారాన్ని తట్టుకోవాలంటే ఎక్కువ చార్జీ చెల్లించే బిజినెస్‌ తరగతి ప్రయాణికులు ఏడాది పొడవునా ఉండాలి. మన ప్రయాణికుల్లో అధికులు విద్యార్థులు, సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు, మనుమలను చూడబోయే తల్లిదండ్రులు. వీరు టికెట్టు ధర చూసి దారి ఎంచుకుంటారు. పైగా ఒక్కో అమెరికా నగరానికి విడిగా విమానం నిండాలి. గల్ఫ్‌ కూడలిలో మాత్రం పాతిక ఊళ్ల ప్రయాణికులను కలిపి ఒక విమానం నింపుతారు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

దూరం విషయంలో గల్ఫ్‌ దారి మనం అనుకున్నంత చుట్టు కాదు. శంషాబాద్‌ నుంచి దుబాయ్‌ 2,550 కి.మీ., అక్కడి నుంచి డాలస్‌ 12,900 కి.మీ. మొత్తం 15,450. నేరు దారికంటే ఎక్కువైంది దాదాపు వెయ్యి కిలోమీటర్లే. విమానానికి అది గంట పైచిలుకు పని. మరి మిగిలిన గంటలు ఎక్కడ పోతున్నాయి?

34 గంటల లెక్క ఇదీ..

డాలస్‌ శివారులో ఉంటున్న వ్యక్తి కబురు అందిన వెంటనే టికెట్టు దొరికి బయలుదేరాడనుకుందాం. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట. తనిఖీలు, విమానం కోసం నిరీక్షణ మూడు గంటలు. గల్ఫ్‌ కూడలి వరకు పదిహేను గంటలు. అక్కడ మరో విమానం కోసం నాలుగు గంటలు. శంషాబాద్‌కు మూడున్నర. ఇమిగ్రేషన్‌, సామాను, కస్టమ్స్‌ గంటన్నర. అక్కడి నుంచి బాహ్యవలయ రహదారి ఎక్కి, సూర్యాపేట, కోదాడ, నందిగామ, విజయవాడల మీదుగా పామర్రు ప్రాంతానికి కారులో ఆరు గంటలు. అంతా కలిపితే 34 గంటలు. ఇందులో గాలిలో గడిచింది పద్దెనిమిదిన్నర గంటలైతే, నేలమీద గడిచింది పదిహేనున్నర.

శంషాబాద్‌లో దిగి గన్నవరానికి దేశీయ విమానం ఎక్కవచ్చు కదా అన్న సందేహం సహజం. ఆకాశంలో అది గంట ప్రయాణమే. కానీ విదేశీ విమానాలు అధికంగా రాత్రి, తెల్లవారుజాముల్లో దిగుతాయి. దేశీయ విమానం వేళ కుదిరేదాకా పడిగాపులు కాస్తే కారు ప్రయాణానికి, దీనికి పెద్ద తేడా మిగలదు. ఢిల్లీ మీదుగా వచ్చినా మొదట దిగిన చోటే సామాను తీసుకుని, కస్టమ్స్‌ దాటి, మళ్లీ అప్పగించాల్సిందే.

ఈ గంటలను పల్లె గడియారంపై చూస్తే వాటి విలువ తెలుస్తుంది. శీతాకాలంలో డాలస్‌కు, మనకు పదకొండున్నర గంటల తేడా. అక్కడ శుక్రవారం సాయంత్రం 7 గంటలకు ఇంట్లో అడుగు బయటపెడితే ఇక్కడ శనివారం ఉదయం 6.30. ముప్పై నాలుగు గంటల తరువాత అంటే ఆదివారం సాయంత్రం 4.30. చలికాలంలో పొద్దు ఆరు గంటల లోపే వాలిపోతుంది. సూర్యాస్తమయం తరువాత దహనం చేయని ఆచారం ఉన్న కుటుంబాలకు చేతిలో మిగిలేది గంట పైచిలుకు. విమానం రెండు గంటలు ఆలస్యమైనా, రహదారిపై వాహనాలు నిలిచిపోయినా, కార్యక్రమం సోమవారానికి వాయిదా. లేదంటే కుమారుడి బదులు మరొకరు తలకొరివి పెట్టాలి. పెద్దలు తీసుకోవాల్సిన ఈ నిర్ణయాన్ని ఇప్పుడు రెండు మూడు గంటల తేడా శాసిస్తోంది.

ఏ దారిలో ఎంత ఆదా?

డాలస్‌ నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం ఉంటే ఏమవుతుంది? ఇంటి నుంచి గంట, నిరీక్షణ మూడు, ప్రయాణం పదిహేడు, శంషాబాద్‌ లాంఛనాలు గంటన్నర, కారులో ఆరు. మొత్తం ఇరవై ఎనిమిదిన్నర గంటలు. ఆదా ఐదున్నర గంటలు.

గల్ఫ్‌ కూడలి నుంచి గన్నవరానికే విమానం ఉంటే? మొదటి నాలుగు గంటలు, పదిహేను గంటల విమానం, నాలుగు గంటల విరామం యథాతథం. ఆపై గన్నవరానికి నాలుగు, లాంఛనాలు గంటన్నర, ఇంటికి గంట. మొత్తం ఇరవై తొమ్మిదిన్నర. ఆదా నాలుగున్నర గంటలు. పైన చెప్పిన కుమారుడు సాయంత్రం 4.30కు బదులు ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకే ఇంట్లో ఉంటాడు.

అంటే 14 వేల కిలోమీటర్ల నేరు విమానం చేసే మేలుకు, మూడు వేల కిలోమీటర్ల చిన్న విమానం చేసే మేలుకు మధ్య వ్యత్యాసం ఒక్క గంటే. మొదటిదానికి భారీ విమానం, వంద టన్నుల ఇంధనం, మూడు నాలుగు దేశాల గగనతల సౌహార్దం కావాలి. రెండోదానికి దేశీయంగా తిరిగే మామూలు విమానం చాలు. అంతేకాదు, నేరు విమానం డాలస్‌ వారికే ఉపకరిస్తుంది. కూడలి విమానం హ్యూస్టన్‌, అట్లాంటా, న్యూజెర్సీ, లండన్‌ వారితో పాటు గల్ఫ్‌లో శ్రమించే మన కూలీలకూ ఉపయోగపడుతుంది.

గన్నవరంలో ఏం జరిగింది?

గన్నవరానికి 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది. 2018 డిసెంబరు 4న తొలి అంతర్జాతీయ విమానంగా ఇండిగో సింగపూర్‌ సర్వీసు ఎగిరింది. సీట్లు నిండకపోతే నష్టం పూడ్చేలా అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిధి సమకూర్చింది. ఆ ఆసరా తొలగడంతో 2019లో సర్వీసు ఆగిపోయింది. 2021లో రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. 2022 అక్టోబరులో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌ షార్జా విమానం మొదలైంది. సింగపూర్‌ సర్వీసు 2025 నవంబరులో తిరిగి పట్టాలెక్కింది.

వీటి ప్రయోజనాన్ని తక్కువ చేయలేం. గల్ఫ్‌ కార్మికులకు షార్జా, అమెరికా పశ్చిమ తీరం వారికి సింగపూర్‌ కొంత అక్కరకొస్తాయి. అయితే డాలస్‌ వాసికి సింగపూర్‌ చుట్టుదారి. షార్జాలో దిగితే అమెరికా విమానం కోసం దుబాయ్‌కి రోడ్డుపై వెళ్లాలి. వేర్వేరు టికెట్లు కొనాలి. సామాను మోసుకు తిరగాలి. అమెరికాకు పెద్ద సంఖ్యలో విమానాలు నడిపే కూడలితో, ఒకే టికెట్టుపై, ప్రతి రోజూ నడిచే సర్వీసే జిల్లాకు కావాల్సింది. వారానికి రెండు మూడు రోజులు నడిచే విమానం విహారయాత్రకు పనికొస్తుంది. మరణవార్త వారం చూసుకుని రాదు.

ఇక్కడ అడ్డంకి సాంకేతికం కాదు, విధానపరం. విదేశీ సంస్థలు మన దేశానికి వారానికి ఎన్ని సీట్లు నడపాలో, ఏయే నగరాల్లో దిగాలో ద్వైపాక్షిక ఒప్పందాలు నిర్దేశిస్తాయి. దేశీయ సంస్థల ప్రయోజనాల దృష్ట్యా గల్ఫ్‌ దేశాలకు సీట్లు పెంచడానికి కేంద్రం ఆచితూచి వ్యవహరిస్తూ వచ్చింది. ఆ వాదనలోనూ న్యాయం లేకపోలేదు. మధ్యేమార్గం లేకపోలేదు కూడా. మన దేశ సంస్థే గన్నవరం నుంచి కూడలికి విమానం నడిపి, అక్కడి సంస్థతో టికెట్ల ఒప్పందం చేసుకుంటే విదేశీ సీట్ల వాటా పెంచనక్కర్లేదు. 2014 నుంచి 2018 దాకా అశోక్‌గజపతిరాజు, 2024 జూన్‌లో కింజరాపు రామ్మోహన్‌నాయుడు.. ఇద్దరు తెలుగువారు పౌర విమానయాన శాఖ బాధ్యతలు చేపట్టిన నేపథ్యంలో ఈ కోరిక ఢిల్లీకి చేరదన్న బెంగ అక్కర్లేదు. గట్టిగా, లెక్కలతో అడగాల్సిన బాధ్యత జిల్లా ప్రజాప్రతినిధులది, వాణిజ్య మండళ్లది.

టికెట్టులో కనిపించని గంటలు

ప్రయాణ కాలంలోకి రాని మరో నిరీక్షణ వీసాది. హెచ్‌1బీ వీసాపై ఉన్నవారు ఇక్కడికి వస్తే, ముద్ర గడువు తీరిన పక్షంలో తిరిగి వెళ్లేముందు కాన్సులేట్‌ ఇంటర్వ్యూ తప్పదు. సామాజిక మాధ్యమాల తనిఖీని అమెరికా 2025 డిసెంబరు 15 నుంచి వీరికీ విస్తరించడంతో పలువురి ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. 34 గంటల్లో రాగలిగినా, ఉద్యోగం పోతుందన్న భయంతో చరవాణి తెరపైనే తండ్రికి తుది వీడ్కోలు పలికినవారున్నారు. ఈ దూరాన్ని ఏ విమానమూ తగ్గించలేదు.

అందుబాటులో ఉన్న దారిలోనైనా కుటుంబాలు కొన్ని జాగ్రత్తలు పాటించడం మేలు. ప్రయాణమంతా ఒకే టికెట్టుపై ఉండేలా చూసుకోవాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తదుపరి విమానంలో చోటు చూపాల్సింది సంస్థే. విడివిడి టికెట్లయితే ఆ బాధ్యత ఉండదు. కూడలిలో గంట, గంటంబావు విరామం ఆశ పెడుతుంది. అత్యవసర వేళ రెండు, మూడు గంటల విరామమే భద్రం. శంషాబాద్‌కు వాహనాన్ని ముందే పంపి సిద్ధంగా ఉంచాలి. రాత్రంతా నిద్రలేని వ్యక్తి చేతికి స్టీరింగ్‌ ఇవ్వరాదు. అంత్యక్రియల వేళను విమానం దిగే సమయాన్ని బట్టి కాక, ఇంటికి చేరే సమయాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

గన్నవరానికి, డాలస్‌కు మధ్య 14,500 కిలోమీటర్లను తగ్గించే శక్తి ఎవరికీ లేదు. శంషాబాద్‌కు, పామర్రుకు మధ్య ఆరు గంటలను తగ్గించే అవకాశం మాత్రం మన పాలకుల చేతుల్లోనే ఉంది. వాకిట్లో షామియానా కింద ఎదురుచూస్తున్న వారికి ఆ గంటలే ముఖ్యం.